ఆయనగారి బీపీ

ఆయనకు బీపీ ఉందని తెలిసిన రోజు ఆవిడ ఏడవలేదు. ఉప్పు డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

ఆరోగ్య పరీక్షలకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆవిడది టైలరింగ్ షాపు. రక్తం తీయించుకుని, చేతికి బీపీ పట్టీ కట్టించుకుని, షాపు తీసే వేళైందని డాక్టరమ్మ పిలవకముందే వెళ్ళిపోయింది. తన ఒంటి సంగతి వినే తీరిక ఆవిడకు ఏనాడూ లేదు. ఆయన ఒక్కడే కూర్చుని అంతా విని, మధ్యాహ్నానికి షాపుకొచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"నీకేం లేదట. బీపీ నాకే" అన్నాడు. "మూడు నెలలు టైమిచ్చింది. నడక, తిండి, నిద్ర ఓ దారిలో పెట్టుకోవాలట. అప్పటికీ తగ్గకపోతే ఇక జీవితాంతం మాత్రలే."

ఆవిడ చేతిలో కత్తెర ఆగింది. ఆవిడ అన్నయ్య ఇలాగే బీపీని లెక్కచేయక, ఓ ఉదయం బాత్‌రూంలో పడిపోయాడు. ఇప్పటికీ కుడి చెయ్యి లేవదు, మాట తిరగదు. ఈయన కూడా అలా అయిపోతే తను తట్టుకోలేదు.

"తగ్గక ఎక్కడికి పోతుంది? నేను తగ్గిస్తానుగా" అంది.

అక్కడ్నుంచి ఆయనగారి వైభోగం మొదలైంది. కొందరు మగాళ్ళకు జలుబు చేస్తే ఇల్లంతా తుమ్మాలి. ఈయనకొచ్చింది బీపీ.

ఉదయం నడకకు ఒక్కడే వెళ్ళనన్నాడు. ఒంటరిగా నడిస్తే పిచ్చి ఆలోచనలొచ్చి బీపీ పెరుగుతుందట. మోకాళ్ళు పట్టేసి, ఏళ్ళ తరబడి కుట్టుమిషన్ ముందు నుంచి లేవని ఆవిడ, చెప్పులేసుకుని వెంట బయల్దేరింది. మొదట్లో వీధి చివరికి వెళ్ళేసరికే రొప్పేది. ఆయన ఆగేవాడు గానీ వెనక్కి తిరగనిచ్చేవాడు కాదు. "నా కోసం ఇంకొక్క వీధి" అనేవాడు.

తిండి దగ్గర మరీ అన్యాయం. చప్పిడి కూర నోట్లో పెట్టుకుని ఆవిడ కంచం వంకే చూసేవాడు.

"నేను గడ్డి తింటుంటే నువ్వు నా ఎదురుగా ఉప్పు చల్లుకుంటావా?"

దాంతో ఆవిడకూ చప్పిడే. షాపులో టీ తాగుతూ చిప్స్ నమలడం ఆవిడకున్న ఒకే ఒక్క సరదా. ప్యాకెట్ కనపడితే తన నోరూరుతోందని సణిగి సణిగి అదీ మాన్పించాడు. రాత్రిళ్ళు ఇంట్లో కుట్టే మిషన్ చప్పుడుకు నిద్ర పట్టడం లేదన్నాడు. స్కూలు యూనిఫారాలు కుప్పలుగా పడి ఉండగా, ఆవిడ పెందలాడే మిషన్ మీద గుడ్డ కప్పేసి పడుకోవాల్సి వచ్చింది.

పక్క వీధిలో ఉండే చెల్లెలు చూసి చూసి అడిగేసింది.

"బావకి బీపీ ఏంటే అక్కా? పొద్దస్తమానం కొట్ల చుట్టూ సైకిలేసుకుని తిరిగే మనిషి. ఉఫ్ అని ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు."

"సన్నగా ఉంటే రాకూడదని ఎక్కడుంది?"

"సరే, వచ్చింది. మరి నిన్నెందుకు ఇలా కాల్చుకు తినడం? పెద్ద జమీందారులాగా."

"ఊరుకోవే. మనిషి బాగుంటే చాలు నాకు."

ఆయన పని దుకాణాల్లో కాటాలు బాగుచేయడం. ఆ పనితోనే అనుమానం కూడా ఒంటబట్టింది. ఇంట్లోకి బీపీ మిషన్ కొన్నాక దాన్నీ నమ్మలేదు.

"కాటా సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ముందు సరైన తూకంరాయి పెట్టి చూడాలి" అని, ప్రతి ఆదివారం మొదట ఆవిడ చేతికే పట్టీ కట్టేవాడు. "ఈ ఇంట్లో రాయిలాంటి మనిషివి నువ్వేగా. కదలకు."

అంకెలు తన వైపు తిప్పుకుని చూసి, "ఊఁ, మిషన్ బాగానే ఉంది" అనేవాడు. తరవాత తన చేతికి కట్టుకుని అంకె పైకి చదివేవాడు. ఎక్కువుందంటే ఆ పూట ఆవిడకు అన్నం సహించేది కాదు. కాస్త దిగిందంటే, కొలతలివ్వడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది.

ఒక్కసారి మాత్రం విసిగిపోయింది. యూనిఫారాలు సమయానికి అందలేదని స్కూలు వాళ్ళు సగం గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు.

"మీ బీపీ నా షాపుకి తాళం వేయించేలా ఉంది" అంది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "పొద్దున్నే నడకుంది, పడుకో" అన్నాడు. మనిషికి స్వార్థం ఉండొచ్చు గానీ, మరీ ఇంతా?

మూడు నెలలు గడిచాయి. క్లినిక్‌లోనూ ఆయనది అదే తంతు.

"ముందు మా ఆవిడకి చూడండి డాక్టరమ్మా. మీ మిషన్ సంగతీ తేలుతుంది."

డాక్టరమ్మ ఆవిడకు చూసింది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. తరవాత ఆయనకు చూసింది.

"బాగా తగ్గింది" అంది. "మాత్రలు అక్కర్లేదు. ఇద్దరూ నడక మాత్రం మానకండి."

ఆవిడ డాక్టరమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇన్నాళ్ళ భయం ఒక్కసారిగా దిగిపోయింది. మీ బావను నేను బతికించుకున్నానే అని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పడానికి వరండాలోకి వెళ్ళింది.

తలుపు మూసుకునేదాకా ఆగి, డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడైనా చెప్పండి ఆవిడకి, ఆ బీపీ మీది కాదు, తనదని."