హాల్లో ఆరడుగులు

"వారం నుంచీ చూస్తున్నా. హాల్లోంచి వెళ్లక ఆ బట్టల బక్కెట్టు పెరటి దారిన మోస్తావెందుకే? పెళ్లిచూపుల్లో కూడా ఇంత దాక్కోలేదు నువ్వు!" అన్నాడు భానుమూర్తి.

"నీళ్లు కారతాయండీ," మళ్లీ అదే మాట చెప్పింది వసుంధర.

హాల్లో కెమెరా కూతురు చిన్మయి తన పరుగు కోసం వారం కిందటే పెట్టించింది. ఇప్పుడది లేని ఇల్లు లేదు. మడమ ఎలా పడుతోందో, మోకాలు ఎటు తిరుగుతోందో చెబుతుంది. దానికి తన పర భేదం లేదు. ఎవరి నడకలో తేడా కనబడినా వాళ్లు పనిచేసే చోటికి కబురు పంపేస్తుంది; ఆపైన ఆ ఉద్యోగం ఉండదు. వసుంధర ఎడమకాలు నెల్లాళ్లుగా ఈడుస్తోంది. మంచాన పడకముందు ఆమె తల్లికీ అలాగే మొదలైంది.

ఇంతలో చిన్మయి హాల్లో పరుగు ఆపి నవ్వింది. "నాన్నా, ఈ కెమెరాకి పిచ్చెక్కింది. నేను ఎడమకాలు ఈడుస్తున్నానట!"

"బూట్లు అరిగుంటాయమ్మా, కొత్తవి కొందాం."

వసుంధర బక్కెట్టు దించేసింది. హాల్లోకి వచ్చి, కెమెరాకి ఎదురుగా నెమ్మదిగా ఆరడుగులు నడిచింది. చెప్పు నేలకు రాసుకున్న చప్పుడు ఇద్దరికీ వినబడింది.

"బూట్లు కాదండీ. రేపు నేను పనికెళ్లను, ఇది పరుక్కెళ్లదు. ముగ్గురం ఆసుపత్రికి వెళ్తున్నాం."