ఎలుగుబంటి లేవకముందు నాటిన ఉల్లి

మంచు కురిసే ఒక కొండ మీద జంతువులకి ఓ కట్టుబాటు ఉండేది. చలికాలమంతా పడుకునే ఎలుగుబంటి లేచి, "చలి పోయింది" అని చెప్పాకే ఎవరైనా నాట్లు మొదలుపెట్టాలి.

ఆ ఏడు కుందేలు పైడమ్మ బొరియలో తిండి అడుగంటింది. మిగిలినవల్లా విత్తనానికి దాచిన గుప్పెడు చిన్న ఉల్లిగడ్డలే. అవీ మెత్తబడుతున్నాయి. పైడమ్మ రోజూ బయటికొచ్చి కాలితో నేల గీరి చూసేది. చాలా రోజులు రాయిలా ఉంది. తర్వాత బురదైంది. ఒకరోజు మట్టి పొడిపొడిగా రాలింది. వెంటనే గడ్డలన్నీ నాటేసి, ఆకలికి చెట్ల బెరడు కొరుక్కుంటూ గడిపింది.

"ఎలుగు మామ లేవనేలేదు, చలికాలం ఎలా పోతుంది పైడమ్మా?" అని కొండమేక కోప్పడింది.

"చలి పోలేదు బావా. నేలలో మంచు కరిగింది. ఉల్లికి అది చాలు."

అలా అంది గానీ, వారం తర్వాత మొలకల మీద తెల్లగా మంచు పేరుకునేసరికి అది మడి దగ్గర్నించి కదల్లేకపోయింది. ఎండెక్కాక మొలకలు మళ్లీ నిటారుగా నిలబడ్డాయి.

రెండు నెలలకి ఎలుగుబంటి లేచింది. వాసన పట్టుకుని పైడమ్మ మడి దగ్గరికొచ్చి, ఓ కట్ట ఉల్లికాడలు నమిలి, "చలి పోయింది. ఇక నాటుకోండి" అని ప్రకటించింది.

కొండమేక పరుగున వెళ్లి తను దాచుకున్న గడ్డలు చూసుకుంది. అన్నీ కుళ్లిపోయాయి.

పైడమ్మ ఓ కట్ట కోసి దాని ముందు పెట్టింది. మేక అవి తింటూ, వచ్చే ఏడు ఎలుగు మామని ఇంకాస్త ముందుగా లేపడానికి ఎవరిని పంపాలా అని ఆలోచించింది.