కిటికీ పక్క బెంచీ

"ఇవాళ కూడా వచ్చాడండీ!" అని బంట్రోతు చెవిలో ఊదేసరికి హెడ్‌గుమాస్తా గుండె గుభేలుమంది.

వార్డు ఆఫీసులో, కిటికీ పక్క బెంచీ మీద తెల్లచొక్కా మనిషి. ఈమధ్య రోజూ ఇదే వరస. తలుపులు తీయగానే వస్తాడు, తాళం వేసేదాకా కదలడు. ఉలుకూ పలుకూ లేదు. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూస్తూ కూర్చుంటాడు, అంతే.

"ఎవరంటావోయ్?"

"ఇంకెవరండీ! పైనుంచి వచ్చిన తనిఖీ ఆఫీసరే. పక్క వార్డులో ఇలాగే ఒకాయన చడీచప్పుడు లేకుండా వచ్చి, గుమాస్తా ఉద్యోగం ఊడగొట్టి పోయాట్ట."

హెడ్‌గుమాస్తా బెంచీ వైపు ఓరగా చూశాడు. రిటైర్మెంటు ముందు ఇదేం ఖర్మ! "టీ ఇచ్చి, మెల్లగా కూపీ లాగు" అన్నాడు.

గ్లాసుతో వెళ్ళిన బంట్రోతు గ్లాసుతోనే తిరిగొచ్చాడు. "వద్దన్నాడండీ. 'ముందు వాళ్ళ పనులు కానివ్వు, చూస్తున్నాగా' అన్నాడు."

ఇంకేముంది! ఆఫీసంతా ఉరుకులూ పరుగులూ. మురిక్కాలవలో పూడిక తీయించారు. ఆరిపోయిన వీధిదీపాలన్నీ వెలిగాయి. ఎన్నికలయ్యాక మొహం చూపించని కౌన్సిలర్ పరుగున వచ్చి, బెంచీ వైపు ఓ నమస్కారం పడేసి, ఎవరూ అడక్కుండానే రోడ్డు గుంతలు పూడ్పిస్తానని మాటిచ్చాడు. పూడ్పించాడు కూడా! పెన్షను కోసం కాళ్ళరిగేలా తిరిగిన ముసలమ్మకు కుర్చీ వేసి మరీ పని చేసిపెట్టారు. ఆవిడ బిత్తరపోయి, "మళ్ళీ ఓట్లొచ్చాయా నాయనా?" అని అడిగింది.

ఇంత చేసినా ఆ మనిషి మొహంలో మెచ్చుకోలు లేదు, కోపమూ లేదు. హెడ్‌గుమాస్తాకు అన్నం సయించడం మానేసింది. అసలెవరీయన? పైకి ఏమని చెబుతాడు? సంగతేమిటో తెలియకపోతే బుర్ర బద్దలయ్యేలా ఉంది. చివరికి తెగించి లేచాడు. వెళ్ళి బెంచీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి. ఇంతకీ తమరు... తమరెవరో తెలుసుకోవచ్చా?"

ఆ మనిషి గభాలున లేచాడు. మొహం చేటంత అయింది.

"హమ్మయ్య, నా వంతు వచ్చిందాండీ? మా వీధి కుళాయికి నీళ్ళు రావట్లేదని చెప్పుకుందామని వస్తే, తలైనా ఎత్తకుండా 'కూర్చో, పిలుస్తా' అన్నారు కదండీ మీరు!"