ఫార్వర్డ్ అయిన ఏడుపు

ఆ ఆడమనిషి ఏడుపు అప్పటికే సూరత్ శివారు భేస్తాన్‌లో మన తెలుగువాళ్ళ గదులన్నీ చుట్టి వచ్చింది. కింది గది మొండయ్య ఫోన్ పట్టుకుని సోమలింగం గడప ముందు నిలబడేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. లాక్‌డౌన్ పెట్టి నెల కావస్తోంది. ఉధ్నాలో మరమగ్గాల చప్పుడు ఆగిపోయింది. సేటు ఫోన్ ఎత్తడం మానేశాడు.

గదిలో మూటలు కట్టి ఉన్నాయి. తెల్లారితే ప్రయాణం. రైళ్ళు లేవు, బస్సులు లేవు. ఆడా మగా, పిల్లాజెల్లా అందరూ హైవే పట్టుకుని తెలంగాణకు నడిచిపోదామని ఆ వరస గదులవాళ్ళంతా తీర్మానించుకున్నారు. అందరికంటే ముందు సరేనన్నవాడు సోమలింగమే. మేడ మెట్లు ఎక్కాలంటే మధ్యలో కూలబడి ఊపిరి పీల్చుకునే మనిషి! మగ్గాల దుమ్ము మింగీ మింగీ ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో చెడిపోయాయి. ఆ మాట డాక్టరు చెప్పినా, భార్య పద్మారాణి చెప్పినా ఆయన చెవికెక్కదు.

కూతురు రుచిత కిటికీ పక్కన పుస్తకం ముందేసుకుని కూర్చుంది. బరోడాలో ఏదో కాలేజీ ప్రవేశ పరీక్ష. వాయిదా పడింది గానీ రద్దు కాలేదు. అందులో ఒక వ్యాసం రాయాలి. ఎవరిదో ఒక ప్రసంగం ఇస్తారు. అందులో చెప్పింది నిజమా, అబద్ధమా అని అడగరు. మాట్లాడిన మనిషి వినేవాళ్ళను ఎలా లొంగదీసుకున్నాడో విప్పి చూపించమంటారు. నెలల తరబడి ఆ పిల్లకు అదే పని. నాయకుల ఉపన్యాసాలు, సబ్బుల ప్రకటనలు, ఆఖరికి కూరగాయల బండివాడి కేకలు కూడా వదిలిపెట్టలేదు.

ఇవాళ మాత్రం పుస్తకంలో అక్షరం కనబడటం లేదు. బాపు దారిలో కుప్పకూలినట్టు, తాను నీళ్ళ కోసం ఏ తలుపు తట్టినా ఎవరూ తీయనట్టు ఒకటే ఊహ.

“బిడ్డా, గిది జర విను,” అన్నాడు మొండయ్య లోపలికి రాకుండానే. మాస్కు లేక మూతికి తువ్వాల చుట్టుకున్నాడు. “నువ్వు మాటల మర్మం చదువుతున్నవంట గద. గిది నిజమా, ఎవడన్న అల్లిండా? నువ్వు చెప్పినదాన్ని బట్టే రేపు పోవుడా, ఉండుడా.”

ఫోన్‌లో ఏడుపు మొదలైంది.

“అన్నలారా, మీకు దండం పెడత. నేనెవరో మీకెరుక లేదు. మా ఆయన సూరత్‌ల మగ్గాలు నడిపిండు. అందరితోని కలిసి నడుసుకుంట ఇంటికి బయలెల్లిండు. ఎండకు రోడ్డు మీద పడిపోయిండు. బీమారి ఉన్నదేమోనని ఎవ్వరు దగ్గరికి రాలె. గుక్కెడు నీళ్ళు... గుక్కెడు నీళ్ళు పొయ్యలె. నా బిడ్డ ఇంక దర్వాజ దిక్కే చూస్తున్నది. ఉన్నకాడ్నే ఉండుండ్రి అన్నా.”

నిన్నటి నుంచి వింటున్నదే అయినా రుచిత ప్రతి మాటా బాపు ముఖంలోకి చూస్తూ వింది.

“గిదంత సేట్ల నాటకం,” అన్నాడు సోమలింగం. “మనం పోతే రేపు మగ్గాలు ఎవడు నడుపుతడు?”

“ఊరు పేరు చెప్పలె, మొగని పేరు చెప్పలె. నాకు గదే అనుమానం,” అన్నాడు మొండయ్య.

రుచిత పుస్తకం మూసింది. ఇన్నాళ్ళూ మార్కుల కోసం చేసిన పని. ఇప్పుడు ఒక్క మాట తప్పిందంటే తెల్లారేసరికి బాపు రోడ్డు మీద ఉంటాడు.

“మొగడు పోయినామె పేర్లు ఒప్పజెప్పుకుంట కూసుంటదా కాకా?” అంది. “సేట్లు చేపిస్తే గిట్ల ఉండదు. రేషన్ ఇస్తం, పగార్ ఇస్తం అని ఆశ పెడుదురు. ఈమె పెట్టలె. నీళ్ళు అన్నకాడ గొంతు ఎట్ల పూడుకపోయిందో విన్నవు గద, గది కావాలని ఆపింది కాదు. పైసలు అడగలె, నంబర్ ఇయ్యలె. అబద్ధం చెప్పేటోళ్ళకు మనతోని ఏదో ఒకటి కావాలె. ఈమెకేం కావాలె?”

పద్మారాణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“నిజమేనంటవా?” సోమలింగం ఆయాసపడుతూ అడిగాడు.

“నిజమే బాపు.”

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు.”

నెత్తి మీద ఒట్టేసి తప్పితే ఆ మనిషి దక్కడని రుచిత పసితనం నుంచీ వింటూనే ఉంది. అలాంటివి నమ్మనని కాలేజీలో వాదించిన పిల్లే. అయినా చెయ్యి లేవలేదు. అమ్మ చూస్తోంది. మొండయ్య చూస్తున్నాడు. బాపు ఛాతీలోంచి పిల్లికూతలు వినబడుతున్నాయి.

లేచి వెళ్ళి, ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టింది.

“ఒట్టు బాపు. నిజం.”

సోమలింగం మెల్లగా మూట ముడి విప్పడం మొదలుపెట్టాడు. “ఇగ పోతలేం. బండ్లు నడిచినంక చూద్దాం.”

“అయితే మా తమ్మునికి గూడ పంపుత,” అన్నాడు మొండయ్య. “హజీరాల ఉన్నడు గణపతి. ఆళ్ళు గూడ రేపే బయలెల్లుతరట.”

“వద్దు కాకా!” రుచిత దాదాపు అరిచింది.

“ఎందుకు వద్దు బిడ్డా? ఆళ్ళు గూడ బతకాలె గద.”

రుచిత బాపు విప్పుతున్న మూట వైపు చూసింది. మొండయ్య ఆ ఏడుపును తమ్ముడికి పంపి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

రుచిత స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, తనతోపాటు అదే పరీక్షకు చదువుతున్న కోరుట్లలోని స్నేహితురాలు సంగీతకు మెసేజి కొట్టింది: “నేను రాసిచ్చినదాని కన్న నువ్వే మంచిగ ఏడ్చినవే, బాపు ఆగిండు, నీ ఫోన్‌ల ఆ రికార్డింగ్ ఇప్పుడే తీసెయ్యి.”