లవినా పెద్దమ్మ చోటు

తొమ్మిది దాటింది. లవినా పెద్దమ్మ చోటులో వల ఇంకా నీళ్లలోనే ఉంది.

ఆర్విల్ మోటారు పడవ ఆపాడు. వల బెండ్ల వైపు ఒకసారి, ఒడ్డున మడతకుర్చీలో కూర్చున్న పెద్దమ్మ వైపు ఒకసారి చూశాడు. అతను మా యూరోక్ తెగ పెట్టుకున్న చేపల అధికారి. కొత్త ఉద్యోగం, కొత్త చొక్కా, చొక్కా కంటే బిగుతైన నిజాయితీ.

మా క్లామత్ నదిలో వల ఎవరిదో తెలియాలంటే వలని చూడరు, చోటుని చూస్తారు. నీళ్లు సుడి తిరిగి వెనక్కి మళ్లే ప్రతి మూలా ఏదో ఒక కుటుంబానిది. ఈ మూల పెద్దమ్మది. ఆవిడని అడగకుండా అక్కడ నీటికుక్క కూడా మునగదంటారు.

అమ్మకానికి సాల్మన్ చేపలు పట్టేవాళ్లకి మా కమిటీ రూలు ఒకటుంది. పొద్దున తొమ్మిదికల్లా వలలు పైకి రావాలి, పగలు చేపల్ని గుడ్లు పెట్టడానికి ఎగువకి పోనివ్వాలి. తీయకపోతే వల జప్తు. ఆ ఇంటి అమ్మకం కార్డు సీజనంతా రద్దు. చలికాలం కట్టెల దగ్గర్నుంచి పిల్లల బూట్ల దాకా అన్నీ ఆ కార్డు మీదే నడుస్తాయి.

“పెద్దమ్మా, టైమెంతయిందో తెలుసా?”

“నువ్వు పుట్టకముందు నుంచీ నాకు టైము తెలుసురా. ఐసు కోసం వెళ్లిన పడవ ఇంజను మొరాయించింది. అది రాగానే వల పైకొచ్చేస్తుంది. ఈలోగా నువ్వు ఇంటికెళ్లి కాఫీ తాగి రా.”

“లంచమా?”

“కాఫీ మీ ఇంట్లోది. లంచం ఎలా అవుతుందిరా, వెధవా?”

దిగువన రెండు పడవలు ఆగాయి. ఒకదాంట్లో డెల్మర్ ఉన్నాడు. పోయినవారం ఆర్విల్ జప్తు చేసింది అతని వలే. పొగబెట్టిన చేపముక్క నములుతూ సినిమాకొచ్చినట్టు కూర్చున్నాడు.

“ఏం బావా, పెద్దమ్మకి వేరే రూలా?” అని అరిచాడు.

ఆర్విల్ చెవులు ఎర్రబడ్డాయి. “విన్నావా? నిన్ను వదిలితే వీడు నన్ను నదిలో ముంచుతాడు.”

“ముంచనీ, ఈత వచ్చుగా. వెనకటికి సర్కారు పంపిన తెల్ల వార్డెన్లు మనల్ని నది మీంచి తరిమేవాళ్లు. మన పేర్లకి వాళ్ల నోరు తిరిగేది కాదు, అదో సుఖం. ఇప్పుడు మనవాళ్లే తరుముతున్నారు, వరస పెట్టి పిలిచి మరీ!”

“మనవాళ్లం కాబట్టే మనం సరిగ్గా ఉండాలి పెద్దమ్మా. చేపలు లేక చేతులు ముడుచుకు కూర్చున్న రోజులు మర్చిపోయావా? మళ్లీ అలా అయితే?”

ఆ మాట నిజం. పెద్దమ్మకీ తెలుసు. కమిటీలో ఈ రూలుకి మొదట చెయ్యెత్తింది ఆవిడే.

“మీ చోటుకి అడ్డంపడ్డ దుంగ కదిలిందా?” అని అడిగింది.

“మాట మార్చకు.”

“పోనీ ఇలా ఒడ్డుకి రా. చెవిలో ఒక మాట చెప్తా.”

“చెవిలో మాటలొద్దు. ఏదైనా అందరి ముందూ చెప్పు.”

పెద్దమ్మ డెల్మర్ పడవ వైపు చూసింది. “అయితే ఏం లేదులే” అని నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూయడం మా నది మీద ఎవరూ చూసి ఎరగరు.

ఆర్విల్ వల లాగడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ కుర్చీలోంచి కదల్లేదు. ఆవిడ బూట్లకి తడి కూడా అంటలేదు. వలలో మంచి మంచి చేపలు పడ్డాయి. జప్తు చేసిన చేపలు వయసు మళ్లినవాళ్ల ఇళ్లకి పంచాలని రూలు.

“అయితే ఆ పెద్దది నాకిచ్చెయ్” అంది.

డెల్మర్ పగలబడి నవ్వాడు. ఆర్విల్‌కి నవ్వు రాలేదు. రేడియో అందుకున్నాడు. అతని గొంతు నది పొడుగునా ప్రతి పడవలోనూ మోగింది.

“లవినా చోటులో వల జప్తు. వేసినవాళ్ల ఇంటి కార్డు ఈ సీజనుకి రద్దు. ఎవరి మొహమూ చూసేది లేదు.”

చూడ్డానికి ఇంకేం మిగల్లేదని పడవలు రెండూ కదిలిపోయాయి.

అప్పుడు ఆర్విల్ ఒడ్డెక్కాడు. టోపీ తీసి పెద్దమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నన్ను తిట్టుకోకు పెద్దమ్మా. చలికాలం నీకే లోటూ రానివ్వను. ఈ ఏడు మా ఇంట్లో అమ్మిన చేపల డబ్బులో సగం నీదే.”

పెద్దమ్మ అతని తల నిమిరి మెల్లగా అంది: “‘నీ చోటులో వల వేసుకోనా పెద్దమ్మా’ అని పొద్దున్నే వచ్చి నన్నడిగింది మీ ఆవిడేరా.”