చిల్లి పెట్టకుండా

"నా కారు నెత్తిన చిల్లి పెడతావా? ముందు నీ నెత్తిన పెట్టుకో!" అని మామగారు అరిచేసరికి మెకానిక్ చేతిలో డ్రిల్లు ఆగిపోయింది.

"యాంటెనా గట్టిగా నిలబడాలంటే పెట్టాల్సిందే సార్. లేదంటే డిక్కీ మూత అంచుకు క్లాంపు బిగిస్తా. కాకపోతే స్క్రూలు నొక్కుకున్నచోట పెయింటు లేస్తుంది."

"గీత కూడా పడటానికి వీల్లేదు. చిల్లిలోంచి వాననీళ్లు కారితే నువ్వొచ్చి గొడుగు పడతావా?"

అల్లుడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉంటున్న ఇల్లు మామగారిది, నడిపే టాక్సీ మామగారిది, ఇక చెవులు కూడా మామగారి పరం కాబోతున్నాయి. ఫోనైతే చార్జింగ్ అయిపోయిందని తప్పించుకుంటున్నాడట, అందుకని టాక్సీలో పోలీసు జీపుల్లోలా అటూ ఇటూ మాట్లాడుకునే రేడియో పెట్టించమన్నది అత్తగారు. ఆవిడ ఒకసారి అన్నాక కాదనే మగాడు ఆ ఇంట్లో లేడు.

"అయస్కాంతం యాంటెనాలు కూడా ఉంటాయట మామయ్యగారూ," అన్నాడు అల్లుడు మెల్లిగా. "టాపు మీద పెడితే అతుక్కుంటుంది. కావాలంటే తీసేయొచ్చు. మచ్చ కూడా పడదు."

మామగారు అల్లుడి వంక అదోలా చూశాడు. "ఇన్నాళ్లకి బుర్ర వాడావు," అన్నాడు.

మెకానిక్ టాపు నడిమధ్యన ఇసుక రేణువు లేకుండా తుడిచి యాంటెనా పెట్టాడు. దాని వైరును తలుపు రబ్బరు కిందుగా లోపలికి దూర్చి రేడియో వెనక బిగించాడు. కారు తాళం తిప్పితే చాలు, రేడియో కూడా మేలుకుంటుంది. దాన్ని ఆపే మీట మీద మాత్రం అత్తగారి ఆజ్ఞ ప్రకారం టేపు అంటించాడు.

మర్నాడు అల్లుడు వీధి మలుపు తిరిగాడో లేదో, రేడియో గరగరలాడింది.

"అల్లుడూ, ఎక్కడున్నావు?"

"మన వీధి మలుపులోనే మామయ్యగారూ."

"మలుపులో ఏం చేస్తున్నావు?"

"తిరుగుతున్నానండీ."

వెనకనుంచి అత్తగారి గొంతు ఖంగున మోగింది. "ఎటు తిరుగుతున్నాడో అడగండి!"

"ఎటు తిరుగుతున్నావు?" అన్నాడు మామగారు.

పొద్దెక్కేసరికి అల్లుడికి ఊపిరాడలేదు. ఆసుపత్రి దగ్గర ఆగినా అదే ప్రశ్న, పెట్రోలు బంకులో ఆగినా అదే ప్రశ్న. అబద్ధం చెబుదామంటే అతనికి గొంతు వణుకుతుంది, అత్తగారు ఇట్టే పట్టేస్తుంది. మరోపక్క పొద్దున బయల్దేరేటప్పుడు భార్య తలుపు చాటున అన్న మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి.

"మధ్యాహ్నంలోగా వెళ్లి ఊరి ఆ చివర ఖాళీగా ఉన్న మేడ మీది గది అద్దెకు మాట్లాడుకుని రండి. ఒక్క గది చాలు. మనం నవ్వుకుంటే ఎందుకు నవ్వారని అడిగేవాళ్లు ఉండకూడదు, అంతే. ఇదీ చేజారిపోయిందంటే మనకిక ఈ ఇల్లే గతి."

అల్లుడు ఒక చెట్టు నీడన కారు ఆపాడు. అటూ ఇటూ చూసి, రేడియో వెనక వైరు విప్పాడు. టాపు మీది యాంటెనాను పక్కకు వంచి పట్టు విడిపించి, వైరుతో సహా చుట్టచుట్టి డిక్కీలో పడేశాడు. అడిగితే ఏదో గతుకులో ఎగిరి పడిందని చెప్పొచ్చు. అంతమాత్రం అబద్ధం ఆడగలడు. టాపు మీద చెయ్యి పెట్టి తడిమాడు. గీత లేదు, మచ్చ లేదు.

కారెక్కి తాళం తిప్పాడు. రేడియో దీపం వెలిగింది కానీ నోరు పెగల్లేదు. పెళ్లయిన ఇన్నాళ్లలో అంత నిశ్శబ్దం అతనెప్పుడూ వినలేదు. నవ్వొచ్చింది. మనసారా నవ్వుకుంటూ ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాడు.

సందులో మేడ కనిపించింది. గేటుకి టులెట్ అట్ట ఇంకా వేలాడుతూనే ఉంది. బతికాంరా దేవుడా అనుకుంటూ కారును గోడవారగా ఆపి, తాళం మీద చెయ్యి వేశాడు.

రేడియో గరగరలాడింది.

"అల్లుడూ!"

వంగి చూశాడు. రేడియో వెనక వైరు లేదు. వైరు లేని రేడియోకి ఎవరైనా పక్కనుంచే మాట్లాడితే తప్ప వినబడదు. మామగారి ఇల్లు చూస్తే ఊరికి అవతలి చివర. కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూశాడు.

మేడ మీది గది కిటికీలో బనీనుతో నిలబడి ఉన్నాడు మామగారు. ఆయన చేతిలోనూ ఒక చిన్న రేడియో ఉంది. అత్తగారు ఆయన్నీ వదల్లేదన్నమాట. ఆయనా దాని పొట్టి యాంటెనా విప్పేసి కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

"నువ్వూ గది కోసమేనా?" రేడియో గుసగుసలాడింది. "ఆలస్యం చేశావు నాయనా, నేను మాట్లాడేసుకున్నాను. మీ అత్తగారికి మాత్రం చెప్పకు!"