ఎదుటి కిటికీ

ఆన్‌లైన్ క్లాసులో విన్న తెల్లదొర కథను హారతి తల్లికి చెప్పింది. ఆ సర్వేయరు మన దేశాన్ని కొలుస్తూనే ముసలివాడైపోయాడట. దూరపు గుట్ట మీద మనిషిని నిలబెట్టి, అద్దంతో ఎండను తనవైపు కొట్టించి, ఆ మెరుపును చూసి లెక్కగట్టేవాడట.

"గిది మనకు పనికొస్తది బిడ్డా," అంది రాజమ్మ.

భర్త కరోనా వార్డులో ఉన్నాడు. ఇంట్లోని ఒక్క ఫోనూ హారతి క్లాసులకే ఉండిపోయింది. మరమగ్గాల బస్తీ లింబాయత్‌లో వాళ్ల డాబా ఎక్కితే ఆసుపత్రి కిటికీలు కనిపిస్తాయి. రాజమ్మ స్టీలు పళ్లెంతో ఎండను అటు కొట్టింది. కాసేపటికి ఒక కిటికీలోంచి తళుక్కుమని జవాబొచ్చింది.

"అమ్మా, బాపేనా?"

"మిల్లుల సాంచాల మోతల మీ బాపూ నేనూ సైగలతోనే బతికినం. గంత మాత్రం నాకెర్కలేదా?"

ఆనాటి నుంచి ఆ మెరుపు చూశాకే రాజమ్మ ముద్ద ముట్టేది.

భర్త సగమై ఇంటికొచ్చాడు. అదే పళ్లెంలో అన్నం పెడుతూ, "దీంతోనే గద రోజూ మాట్లాడుకున్నం," అంది రాజమ్మ.

అతను అయోమయంగా చూశాడు. "ఏంది మాట్లాడింది? నా మంచం కాడ కిటికీనే లేకుండె."

రాజమ్మ చెయ్యి ఆగిపోయింది. అన్నాన్ని వేరే గిన్నెలోకి మార్చింది. పళ్లెం కడిగి, కొంగుతో తుడుచుకుంటూ మెట్లెక్కింది.

ఎండ అప్పటికే నడినెత్తికి వస్తోంది. ఎదుటి కిటికీలోని వెలుగు లింబాయత్ డాబాలన్నిటి మీదా వెతుకుతోంది.